మేడ మీద నాలుగు రీములు: నా నూరు రోజుల యోగా డైరీ

పాతికేళ్ళుగా విజయవాడలో డీటీపీ పని చేస్తున్నాను. ఇప్పటికి యోగా పుస్తకాలే నాలుగు కంపోజ్ చేసి ఉంటాను. పశ్చిమోత్తానాసనంలో దీర్ఘం ఎక్కడ రావాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒకసారి శవాసనం కాస్తా శివాసనమై ఫారం మొత్తం అచ్చయిపోతే, ప్రూఫులు చూసే మాస్టారు "పోనీలేవయ్యా, మంగళప్రదంగా ఉంది" అన్నారు. ఇన్ని తెలిసీ ఒక్క ఆసనం వేసిన పాపాన పోలేదు.

మొన్న 2025 మే 21 నుంచి నెల రోజులు రాష్ట్రమంతా యోగాంధ్ర హడావుడి, అంటే యోగా దినోత్సవం కోసం ప్రభుత్వం చేసిన ప్రచారం. జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి మూడు లక్షల మందికి పైగా బారులు తీరి ఆసనాలు వేస్తుంటే, నేనిక్కడ మంచం మీంచి లేవడానికి మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. స్కూళ్ళు తెరిచే సీజను కదా, నోట్సులూ గైడ్లూ అంటూ రోజుకి పన్నెండు గంటలు కుర్చీకి అతుక్కుపోయాను, నడుము పట్టేసింది. డాక్టరు చూసి, నొప్పి కాల్లోకి దిగట్లేదు, తిమ్మిరి లేదు, కాళ్ళలో బలం తగ్గలేదు కాబట్టి ఇప్పుడే ఎమ్మారై అక్కర్లేదన్నారు. "కదలకపోతే నడుమైనా ఏం చేస్తుందండీ పాపం" అని కూడా అన్నారు.

మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో గార్డుగారు ఉంటారు. గూడ్సు బళ్ళ మీద ముప్ఫై ఏళ్ళు తిరిగి రిటైరయ్యారు. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రెయిన్ మేనేజరు అంటున్నారు గానీ, ఆయన మటుకు గార్డుననే చెప్పుకుంటారు. పొద్దున్నే ఐదున్నరకి మేడ మీద ఆసనాలు వేస్తారు. జూన్ నెలంతా ఆయన చుట్టూ పదిహేను మంది. 22వ తేదీ ఆదివారం చూస్తే ఆయనొక్కరే. సరే, రద్దీ తగ్గింది కదా అని మర్నాడు నేను ఎక్కాను.

లెక్క రాసుకుంటే తప్ప నాకు ఏ పనీ నిలబడదు. అందుకని మూడు కొలతలు పెట్టుకున్నాను. నిలబడి ముందుకి వంగితే వేలి చివరకీ నేలకీ మధ్య ఎంత మిగిలింది? వారానికి నొప్పి బిళ్ళలు ఎన్ని మింగాను? ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీశాను? గడువు నూరు రోజులు, అంటే సెప్టెంబరు 30.

జూన్ 23, సోమవారం. 1వ రోజు

దూరం: 31 సెం.మీ. ఆఫీసు నుంచి తెచ్చిన స్టీలు స్కేలు 30 సెంటీమీటర్లే. మొదటిరోజే స్కేలు చాల్లేదు.
బిళ్ళలు: పోయిన వారం ఐదు.
ఊపిరి: నిమిషానికి 17. పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మధ్య మామూలే, కాబట్టి ఇందులో దిగులేం లేదు.

కొత్త మ్యాటు కొన్నాను. మేడ మీద సన్నటి దుమ్ము ఉంటుంది. దాని మీద మ్యాటు జారి రెండు కాళ్ళూ రెండు దిక్కులకి పోయాయి. గార్డుగారు మాట్లాడకుండా వెళ్ళి వాళ్ళింట్లోంచి పాత జంపఖానా తెచ్చి పరిచారు. ఈ రోజంతా తాడాసనమే. అంటే నిలబడటం. పాదాల మీద బరువు ఎక్కడ పడుతోందో చూడమన్నారు. నాదంతా మడమల మీదే ఉంది. నలభై ఆరేళ్ళుగా నిలబడుతున్నాను, ఈ సంగతి ఈ రోజే తెలిసింది.

జూన్ 24 నుంచి 28

తాడాసనం, వృక్షాసనం, వజ్రాసనం. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడలేక పిట్టగోడ పట్టుకున్నాను. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనంలో అర నిమిషానికే పాదాల పైభాగం భగ్గుమంది. టిఫిన్ తిన్నాక ఆసనాలు వద్దనీ, ఒక్క వజ్రాసనం మాత్రం పరవాలేదనీ గార్డుగారి రూలు. కాఫీ తాగి వచ్చానని ఒకరోజు వెనక్కి పంపేశారు.

జూన్ 29, ఆదివారం. 7వ రోజు

దూరం: 25! వారంలో ఆరు సెంటీమీటర్లు. ఈ లెక్కన జులై ఆఖరుకి అరిచేతులు నేలకి ఆనించేస్తానని మా ఆవిడతో అన్నాను. "పొద్దున ఏం కొలిచారు, సాయంత్రం ఏం కొలిచారు?" అంది. సాయంత్రం ఆరింటికి కొలిచాను. మర్నాడు పొద్దున ఐదున్నరకి కొలిస్తే 30.

దీనికి కారణం ఉంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే మనం సెంటీమీటరుకి అటూ ఇటూగా పొడుగ్గా ఉంటాం, వంగడం మాత్రం కష్టంగా ఉంటుంది. పగలంతా బరువు మోసేసరికి ఆ నీరు కాస్త బయటికి పోతుంది. నేను సాధించిన ఆరులో ఐదు సెంటీమీటర్లు పగటి పుణ్యమే. ఇకపై కొలత ఎప్పుడూ పొద్దునే, ఆసనాలన్నీ అయ్యాకే.

జులై 6, ఆదివారం. 14వ రోజు

వెధవ పని చేశాను. గార్డుగారు గుంటూరు పెళ్ళికి వెళ్ళారు. నేను ఫోన్లో వీడియో పెట్టుకుని హలాసనం మొదలుపెట్టాను. వీడియోలో కుర్రాడు కాళ్ళు తల వెనక్కి తీసుకెళ్ళి హాయిగా నవ్వుతున్నాడు. నేనూ తీసుకెళ్ళాను. ఒంటి బరువంతా మెడ మీద పడింది. కటుక్కుమంది.

ఐదు రోజులు మెడ తిప్పితే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. ఆఫీసులో ఎవరు పిలిచినా కుర్చీతో సహా తిరిగాను. ఆ వారం బిళ్ళలు ఏడు. మొదలుపెట్టక ముందు ఐదు!

జులై 13, ఆదివారం. 21వ రోజు

ఈ రోజు గురించి కాస్త వివరంగా రాస్తాను. ఈ డైరీలో పనికొచ్చే సంగతి ఏదైనా ఉంటే అది ఇదే.

మెడ సర్దుకుంది. ముందుకి వంగి చూపించాను. 24. గర్వంగా పైకి చూశాను. గార్డుగారు "వంగింది నువ్వు కాదయ్యా, నీ వెన్ను" అని కిందికి వెళ్ళి బూజుకర్ర తెచ్చారు, కుచ్చు ఊడదీసి ఉత్త కర్ర. దాన్ని నిలువుగా నా వీపుకి ఆనించారు. తల వెనక ఒకచోట, భుజాల ఎముకల మధ్య ఒకచోట, ముడ్డిపూస దగ్గర ఒకచోట తగులుతోంది. "ఈ మూడూ వదలకుండా వంగు" అన్నారు.

వంగాను. పట్టుమని పది అంగుళాలు దిగానో లేదో, ముడ్డిపూస దగ్గర కర్ర విడిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ విడిపోయింది. మోకాళ్ళు కొంచెం మడవమన్నారు. మడిస్తే ఇంకొంచెం దిగింది. అక్కడ తొడల వెనక తాళ్ళు లాగినట్టు పట్టేసింది. కర్ర ఊడకుండా దిగగలిగినంత దిగి చెయ్యి వదిలేస్తే నేలకీ వేలికీ మధ్య 38 సెంటీమీటర్లు.

మూడు వారాలు చాకిరీ చేసి ఏడు సెంటీమీటర్లు వెనక్కి వచ్చాను.

అప్పుడు ఆయన రైలు భాషలో చెప్పారు. "బండి మలుపు తిరిగేటప్పుడు ఏది తిరుగుతుంది? కింద చక్రాలున్న చట్రం తిరుగుతుంది, దాన్నే మేం బోగీ అంటాం. పైన డబ్బా వంగుతుందా? వంగితే అది యాక్సిడెంటు. నీ తుంటి కీలు బోగీ, నీ వీపు డబ్బా. నువ్వు ఇన్నాళ్ళూ డబ్బా వంచుతున్నావు."

ఇంటికొచ్చి నేను కంపోజ్ చేసిన పుస్తకమే తీసి చూశాను. తొడ వెనక కండరాలు పైన మనం కూర్చునే ఎముకకి, కింద మోకాలి దిగువకి కట్టి ఉంటాయి. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుంటే అవి బిగుసుకుంటాయి. వంగబోతే కటి ఎముకని ముందుకి తిరగనివ్వకుండా వెనక్కి పట్టి లాగుతాయి. కటి తిరగనప్పుడు ఆ వంపు నడుమే పడాలి. బకెట్టు ఎత్తినా, చెప్పులు వేసుకున్నా, కింద పడ్డ పెన్ను తీసినా రోజూ నేను చేస్తున్నది అదే. అక్షరం అక్షరం కొట్టింది నేనే, పక్కన బొమ్మ పెట్టిందీ నేనే. చదవలేదంతే.

పశ్చిమోత్తానాసనంలో పశ్చిమం ఏమిటని ఎప్పుడూ అనుకోలేదు. తూర్పుకి తిరిగి కూర్చుంటే పడమర వీపు వైపు. మడమ నుంచి మాడు దాకా ఆ వెనకవైపంతా సాగాలన్నమాట. నేలనో కాలి వేలినో అందుకోవడం గురించి ఆ పేరులో ఒక్క ముక్క కూడా లేదు.

లెక్క కొత్తగా మొదలు. కర్ర ఊడని దూరం: 38.

జులై 16, బుధవారం. 24వ రోజు

చేతులు నేలకి అందనప్పుడు నేలనే పైకి తేవాలట. యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ ఇలాంటివాళ్ళ కోసమే చెక్క దిమ్మెలు, బెల్టులు, తాళ్ళు, కుర్చీలు వాడకంలోకి తెచ్చారు. ఆ దిమ్మెలు కొనడమెందుకని ఆఫీసు నుంచి నాలుగు ఏ4 రీములు తెచ్చాను. 80 జీఎస్ఎం కాగితం ఐదు వందల షీట్లు, రీము మందం సరిగ్గా ఐదు సెంటీమీటర్లు. నా కొలతకి ఇంతకంటే మంచి దిమ్మె ఎక్కడ దొరుకుతుంది? ఓనరుగారు చూసి "ఇంటి దగ్గర ప్రెస్సు పెడుతున్నావా ఏంటయ్యా?" అన్నారు.

ప్రస్తుతానికి నాలుగూ పేర్చినా అందట్లేదు. ప్లాస్టిక్ కుర్చీ మీద చేతులు పెట్టి వంగుతున్నాను. బెల్టు బదులు తువ్వాలు.

జులై 28, సోమవారం. 36వ రోజు

దూరం: 34. బిళ్ళలు: మూడు.

పొద్దున వాన పడటంతో హాల్లోనే వేశాను. కూర్చుని నాడీశోధన. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మడిచి, బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమ నుంచి పీల్చాలి. తర్వాత ఉంగరపు వేలితో ఎడమ మూసి కుడి నుంచి వదలాలి. మళ్ళీ కుడి నుంచే పీల్చి ఎడమ నుంచి వదలాలి. వదిలేది పీల్చినదాని కంటే నిదానంగా ఉండాలి. మొదట్లో గాలి చాలక మధ్యలో నోటితో తీసేవాణ్ణి. ఇప్పుడు నిమిషానికి ఆరు ఊపిరులతో ఐదు నిమిషాలు కూర్చోగలుగుతున్నాను.

అసలు విశేషం మధ్యాహ్నం జరిగింది. ఒక పెళ్ళి కార్డులో పేరు కింద ఒత్తు పక్క అక్షరం మీదికెక్కింది. పేజ్‌మేకరు సాఫ్ట్‌వేరులో ‘అను’ తెలుగు ఫాంట్లతో పని చేసేవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు. దాన్ని వెంట్రుకవాసి జరపాలి. మౌసు పట్టుకుని జరుపుతున్నాను. ఉన్నట్టుండి తెలిసింది, నేను ఊపిరి తీసుకోవట్లేదు. ఒత్తు చోటుకి వచ్చాక హుమ్మని వదిలాను. తర్వాత అర గంట గమనించుకుంటే, బొమ్మ జరిపినప్పుడల్లా, లైను విరిచినప్పుడల్లా ఊపిరి బిగబడుతోంది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. రోజుకి ఎన్ని వందల ఒత్తులు జరుపుతానో లెక్కేసుకోండి.

మూడు కొలతలు పెట్టుకున్నానే, ఈ నాలుగోది ఎలా కొలవాలో తెలియలేదు. మానిటరు అంచున చిన్న స్టిక్కరు అంటించి ‘గాలి’ అని రాసి పెట్టాను. పక్క సీటు కుర్రాడు ఫ్యాన్ స్పీడు పెంచాడు.

ఆగస్టు 10, ఆదివారం. 49వ రోజు

దూరం: 31. పీట మీద నాలుగు రీములు పేరిస్తే అరిచేతులు ఆనుతున్నాయి. ప్లాస్టిక్ కుర్చీకి సెలవు.

ఇప్పటి వరస ఇది: మార్జాలాసనం (పిల్లిలా నాలుగు కాళ్ళ మీద ఉండి నడుము ఎత్తి దించడం) పదిసార్లు, భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ లేపడం), శలభాసనం, సేతుబంధం (వెల్లకిలా పడుకుని నడుము లేపడం), గోడకి కాళ్ళు, శవాసనం. మొత్తం నలభై నిమిషాలు. సూర్యనమస్కారాలు ఇంకా ఎందుకు నేర్పట్లేదని అడిగితే, పన్నెండు భంగిమల్లో వంగడాలే ఎక్కువ, ముందు కర్ర పరీక్ష పాసవ్వమన్నారు. ప్రూఫుల మాస్టారు ఇంకో ముక్క చెప్పారు. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో వర్ణించినవి పదిహేను ఆసనాలేనట. అందులో సూర్యనమస్కారాలు లేవట. కాబట్టి నేనేం వెనకబడిపోలేదు, ఇంకా ప్రాచీన పద్ధతిలో ఉన్నానంతే.

నాకు ఎక్కువ పనిచేస్తోంది వంగడం కాదు, శలభాసనం. బోర్లా పడుకుని ఛాతీ, కాళ్ళు రెండంగుళాలు లేపడం. చూడ్డానికి ఏమీ ఉండదు, ఎవరూ ఫోటో తీసుకోరు. నాలుగో ఊపిరికి వీపు వణుకుతుంది. పిరుదుల్లో కండరాలుంటాయని, అవి పని చేస్తాయని ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది.

శవాసనంలో గురక పెట్టానని గార్డుగారి ఫిర్యాదు.

ఆగస్టు 27, బుధవారం. 66వ రోజు. వినాయక చవితి

దూరం: కొలవలేదు. పత్రి కోసం పొద్దున్నే వెళ్ళాల్సి వచ్చింది.

పోయినేడు వ్రతకథ కుర్చీలో కూర్చుని చదివాను. అక్షింతలు చేతిలో పట్టుకుని అమ్మ కింద కూర్చుంటే, నేను పైన. ఈసారి పీట మీద కూర్చున్నాను. శమంతకోపాఖ్యానం అయ్యేదాకా లేవలేదు. దుప్పటి మడతపెట్టి తుంటి కింద వేసుకుంటే మోకాళ్ళు కిందికి దిగుతాయి, నడుము దానంతటదే నిలుస్తుంది. ఇది గార్డుగారు చెప్పిన చిట్కా.

తర్వాత గుంజీళ్ళు. ఏటా స్వామికి నేను పెట్టే గుంజీళ్ళు ఒట్టి సైగలే, చెవులు పట్టుకుని మోకాళ్ళు అలా ఊపి వదిలేసేవాణ్ణి. ఈసారి చేతులు అడ్డంగా వేసి చెవులు పట్టుకుని, నిండుగా కూర్చుని లేచాను. ఒకటి, రెండు, మూడు. మా అమ్మాయి ఫోన్ తీసింది. పదకొండు పెట్టాను. ఆఖరి రెండింటికీ ఆయాసం వచ్చింది గానీ నడుము మాట్లాడలేదు. "స్వామికి ఇన్నేళ్ళ బాకీ తీరింది" అంది అమ్మ.

ఆ తర్వాత తొమ్మిది కుడుములు తిన్నాను. ఆ లెక్క ఈ ప్రాజెక్టులోకి రాదు.

సెప్టెంబరు 7, ఆదివారం. 77వ రోజు

దూరం: 20. పీట తీసేశాను. ఒట్టి నాలుగు రీములు, కర్ర ఊడలేదు.
బిళ్ళలు: సున్నా. ఊపిరి: 14.

ఇదంతా యోగా వల్లేనా అని ప్రూఫుల మాస్టారు నిలదీశారు. నిజాయితీగా చెప్పాలంటే విడదీయలేను. ఇదే రోజుల్లో నలభై నిమిషాలకోసారి కుర్చీ వదిలి లేవడం అలవాటైంది. మానిటరు కింద రెండు పాత నిఘంటువులు పెట్టి ఎత్తు పెంచాను. మామూలు నడుం నొప్పి ఏమీ చెయ్యకపోయినా కొన్నాళ్ళకి తగ్గుతుంది కూడా. ఒక ఆరోగ్య పత్రికకి కంపోజ్ చేసిన వ్యాసంలో మాత్రం, చాలాకాలంగా ఉండే నడుం నొప్పికి ముందు మందులు కాకుండా ప్రయత్నించదగ్గవాటిలో యోగాని కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో చేర్చిందని ఉంది. అందులోనే వ్యాయామం, తాయిచీ లాంటివి కూడా ఉన్నాయి. అంటే యోగా ఒక్కటే అని కాదు, యోగా కూడా. మాస్టారు ఆ ‘కూడా’ కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

బీపీ ఉన్న మా బావగారు ఉత్సాహపడి, ఊపిరిని విసురుగా బయటికి వదిలే కపాలభాతి మొదలుపెడతానంటే మాత్రం గట్టిగా ఆపాను. బీపీ, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. కావాలంటే భ్రామరి చేసుకోమన్నాను. తుమ్మెదలా మ్మ్మ్ అంటూ వదలడమే కదా. మా అక్కయ్య ఫోన్ చేసి "ఏం నేర్పావురా, ఇల్లంతా తేనెపట్టులా ఉంది" అంది.

సెప్టెంబరు 16 నుంచి 19. 86 నుంచి 89

దీపావళి ప్రత్యేక సంచిక. మూడు రాత్రులు రెండింటి దాకా ఆఫీసులోనే. ఆసనాలు లేవు, ‘గాలి’ స్టిక్కరు మీద ఫోన్ నంబరు రాసేశాను. 18న నడుము మళ్ళీ పట్టేసింది. రెండు బిళ్ళలు.

తేడా ఒకటుంది. పోయినసారైతే మంచం ఎక్కేవాణ్ణి. ఈసారి ఆఫీసు నేల మీదే పాత పోస్టర్లు పరిచి, గోడకి కాళ్ళు ఎత్తి పెట్టి పది నిమిషాలు పడుకున్నాను. తర్వాత మెల్లగా మార్జాలాసనం. ఓనరుగారు తలుపు తీసి, నాలుగు కాళ్ళ మీద ఉన్న నన్ను చూసి, ఏమీ అనకుండా తలుపు మూసి వెళ్ళిపోయారు. మర్నాటికి నడవగలిగాను.

ఇది కూడా గార్డుగారికి చెప్పాను. పళ్ళు బిగబట్టి చేసినన్నాళ్ళూ ఇలాగే ఉంటుందన్నారు. పతంజలి యోగసూత్రాల్లో రెండో పాదం 46వ సూత్రం ‘స్థిరసుఖమాసనం’, అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం. దాన్ని నేను బోర్డరు కట్టి, బోల్డులో, పేజీ మధ్యలో పెట్టి నాలుగు పుస్తకాల్లో అచ్చేశాను. స్థిరం మీదే నా దృష్టి, పక్కనున్న సుఖం అలంకారమనుకున్నాను. గార్డుగారు అడిగేది మాత్రం రోజూ ఒకటే: "ఊపిరి ఆడుతోందా? ఆడకపోతే పైకి రా."

సెప్టెంబరు 30, మంగళవారం. 100వ రోజు. దుర్గాష్టమి

దూరం: 15. మూడు రీముల ఎత్తు. నేల ఇంకా అందలేదు.
ఈ వారం బిళ్ళలు: సున్నా. నూరు రోజుల్లో హాజరు: 81.
ఊపిరి: 13. నాలుగో కొలత ఇంకా కొలవలేదు గానీ, ఈ పేరా కొడుతూ రెండుసార్లు పట్టుబడ్డాను.

పొద్దున మేడ మీద ఎనిమిది మందిమి. భవానీపురం వైపు నుంచి మైకులో అమ్మవారి పాటలు వినిపిస్తున్నాయి. గార్డుగారు కర్ర పెట్టి చూసి, "రేపట్నుంచి సూర్యనమస్కారం, ఒక్కటే, నిదానంగా" అన్నారు. పరీక్ష పాసయ్యానా అని అడిగితే గ్రీన్ జెండా ఊపినట్టు తువ్వాలు ఊపారు.

నాలుగో రీముతో ఇక పని లేదు కదా అని ఆఫీసుకి తిరిగి పట్టుకెళ్ళాను. వానలకి చెమ్మ పట్టి అంచులు వంకర్లు తిరిగాయి. ఓనరుగారు కవరు విప్పి, రెండు షీట్లు లాగి చూసి, ప్రింటరులో ఇరుక్కుంటుందని ప్రూఫుల టేబులు మీద పడేశారు. మాస్టారు దాని వెనకవైపు చదరంగం గడులు గీసుకుంటున్నారు.